ముందు తీగ, తర్వాత స్విచ్

లాండ్రీ కార్ఖానా క్వార్టర్లు,
వంటింట్లోంచి

వదినగారికి నమస్కరించి రాస్తున్నాను.

ముందుగా నా తప్పుల్నీ, ఈ వంకర రాతనీ మన్నించండి. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎప్పుడూ అనుమానమే. పైగా ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. మీకు జవాబు తాను రాస్తానని మీ తమ్ముడు అన్నారు. వద్దు, నేనే రాస్తానన్నాను. ఆయన మాట నేను కాదనడం ఇదే మొదటిసారి కాబోలు.

సరిగ్గా తినడం లేదట, ఎవరితోనూ మాట్లాడడం లేదట, నిజమేనా అని అడిగారు. నిజమే వదినా.

నా పని గురించి మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆసుపత్రుల నుంచి, హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు ఇక్కడ ఉతికి ఇస్త్రీ చేస్తారు. మీ తమ్ముడు మెకానిక్. నేను రోలర్ దగ్గర. రోలర్ అంటే పెద్ద ఇనప దుంగ, లోపల ఆవిరితో కాగుతూ తిరుగుతూనే ఉంటుంది. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొసా పట్టుకుని దాని నోటికి అందించాలి. ఆ ఇద్దర్నీ జంట అంటారు. ఒకసారి కుదిరిన జంటను మార్చరు. పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే చెప్పింది. "దుప్పటి వైపు చూడకమ్మాయ్, నీ జంట ముఖం చూడు. ముఖం చూస్తే చేతులు వాటంతట అవే కలుస్తాయి. ఇంట్లో మొగుడితో కుదరకపోయినా ఎలాగో బతకొచ్చు గానీ, ఇక్కడ జంటతో కుదరకపోతే సాయంత్రానికి నడుం పడిపోతుంది."

నా జంటను అందరూ రేడియో అంటారు. పొద్దున్న మొదలుపెడితే గంట కొట్టేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. నేను నోరు విప్పను కాబట్టి మాకు బాగా కుదిరింది. "నేను వాగడానికి పుట్టాను, నువ్వు వినడానికి పుట్టావు, ఎవరి డ్యూటీ వాళ్ళం చేద్దాం" అనేది.

ఆమె చెయ్యి రోలర్‌లోకి వెళ్ళిందనీ, మణికట్టు పైదాకా తీసేశారనీ మీకు మీ తమ్ముడు చెప్పే ఉంటారు. నేను అప్పుడు ఎటు చూస్తున్నానో చెప్పి ఉండరు. నాకు నేర్పినట్టే, ఆమె ముఖం వైపు చూస్తున్నాను.

ఆ ముఖం నన్ను వదలడం లేదు వదినా. మొన్న పక్కింటి డ్రైవర్ భార్య పిలిచి, తడి దుప్పటి పిండాలి, ఆ కొస పట్టుకోమంది. పట్టుకున్నాను. తలెత్తి ఆమె ముఖం చూశాను. అంతే, మట్టిలో కూలబడ్డాను. దుప్పటి మళ్ళీ ఉతుక్కోవాల్సి వచ్చిందని ఆమె సణిగింది. పొయ్యి మీద కుక్కర్ కూత పెడితే గోడకి అతుక్కుపోతున్నాను. పాలు పొంగి కింద పడుతుంటే చూస్తూ నిలబడతాను, చెయ్యి కదలదు. కార్ఖానా డాక్టర్ మాత్రలిచ్చినా కళ్ళు మూస్తే నిద్ర రాదు, తెరిస్తే తల దిమ్ము.

కార్మిక శాఖ నుంచి అధికారి వచ్చి విచారణ చేస్తారట. రేడియో కబుర్లలో పడి తనే చెయ్యి పెట్టేసిందని కార్ఖానా వాళ్ళ మాట. ఆమెకు ఎదురుగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్ను అడుగుతారు. నీకు ఒంట్లో బాగాలేదు, నువ్వు వెళ్ళనక్కర్లేదు అంటున్నారు మీ తమ్ముడు. నేనేం చెయ్యాలో మీరు చెప్పండి.

మీ మరదలు


దర్జీ దుకాణం

మరదలికి ఆశీస్సులు.

రాత బాగాలేదని ఎందుకంత బాధ? నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లల కుట్ల కన్నా నీ అక్షరాలే తిన్నగా ఉన్నాయి. నిన్న ఒక మహాతల్లి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టి తెచ్చింది. ఇదేమిటే అంటే, "ఆవిడ పక్కకి తిరిగి నిలబడితే సరిపోతుంది టీచర్" అంది. నీకు నవ్వు రావాలని రాశాను. వచ్చిందో లేదో రాయి.

జరిగింది ఘోరమే, కాదనను. కానీ అమ్మాయీ, జరిగిపోయినదాన్ని ఎంత తవ్వితే అంత నొప్పి. చెయ్యి పోయింది ఆమెకి. నీకు రెండు చేతులూ ఉన్నాయి, మంచి మొగుడున్నాడు, నీడ ఉంది. వాటి వైపు చూసుకో. కుక్కర్ కూతకే భయపడితే సంసారం ఎలా చేస్తావు? మనసుని కాస్త గట్టిగా పట్టుకోవాలి. ఆడవాళ్ళం మనమే జారిపోతే ఇల్లు నిలబడదు.

విచారణ సంగతి తమ్ముడికి వదిలెయ్. వాడు ఆ కార్ఖానాలో పదేళ్ళుగా ఉన్నాడు, ఎవరితో ఎలా మాట్లాడాలో వాడికి తెలుసు. నువ్వసలే నలుగురిలో నోరు విప్పవు. నిన్ను పదిమంది మగాళ్ళ మధ్య నిలబెట్టి ప్రశ్నలు వేస్తే తట్టుకోలేవు. ఇక్కడికి వచ్చెయ్. నా దగ్గర కొన్నాళ్ళుండు. మా పిల్లలిద్దరూ అత్త ఎప్పుడొస్తుందని నా ప్రాణం తీస్తున్నారు. విచారణ అంతా అయ్యాక నేనే తీసుకొచ్చి దింపుతాను.

డాక్టరిచ్చిన మాత్రలు మానకు.

మీ వదిన


లాండ్రీ కార్ఖానా క్వార్టర్లు,
వంటింట్లోంచి

వదినగారికి నమస్కారాలు.

జాకెట్టు సంగతి చదివి నవ్వొచ్చింది. తర్వాత రాసినవి చదివితే నవ్వు పోయింది. మీతో ఇలా రాయడానికి జంకుగానే ఉంది, అయినా రాస్తాను.

మనసుని గట్టిగా పట్టుకోమన్నారు. బాయిలర్ దగ్గర పనిచేసే అతను ఆ రోజు రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయాడు. అతన్ని బల్ల మీద పడుకోబెట్టి సోడా తాగించారు. "పాపం, మెత్తటి మనిషి" అన్నారు. వారం సెలవిచ్చి పంపారు. అతను ఎక్కడో గది చివర ఉన్నాడు. ఆమె రక్తం ఒంటి మీద పడ్డ నేను వాంతి చేసుకుంటే, "ఈవిడొకత్తె, సందట్లో నాటకం" అన్నాడు సూపర్‌వైజర్. మగాడికి కళ్ళు తిరిగితే మెత్తటి మనిషి, ఆడదానికి కళ్ళు తిరిగితే నాటకమా?

కార్ఖానా డాక్టర్ దగ్గరికి నన్ను మీ తమ్ముడే తీసుకెళ్ళారు. ఆ డాక్టర్ నా వైపు చూడనే లేదు. ఆయన్నే అడిగాడు. "నిద్రపోతోందా?" "సరిగ్గా లేదండి." "తింటోందా?" "అంతంతమాత్రమండి." పశువుల డాక్టర్ కూడా పశువు వైపు చూస్తాడు కదా వదినా. చివరికి, "పిల్లలెందరు?" అన్నాడు. ఇంకా లేరన్నారు ఈయన. "అదీ సంగతి. ఒక బిడ్డ పుడితే ఇవన్నీ సర్దుకుంటాయి" అని నవ్వి మాత్రలు రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రేడియోకి ముగ్గురు బిడ్డలున్నారు. ఆమెకేం సర్దుకుంది?

రేడియోని చూడడానికి వెళ్ళాను. ఇంటికి పంపించేశారు. మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. నేను పిలిస్తే తిరగలేదు. ఆమె అత్తగారు బయటికొచ్చి, "మాట్లాడదమ్మా, ఏం చేసినా మాట్లాడదు. ఇన్నాళ్ళూ నోరు మూసుకోవే అని తిట్టేదాన్ని, ఇప్పుడు నోరు తెరవవే అని బతిమాలుతున్నాను" అని ఏడ్చింది. పెద్ద కూతురు తల్లికి జడ వేస్తోంది. తల్లి తల ఎటు తిప్పితే అటు తిరుగుతోంది, బొమ్మలాగ. తన చెయ్యి తనే పెట్టుకుందని ఊరంతా అంటుంటే ఆ మనిషి ఎవరితో మాట్లాడుతుంది?

అది అబద్ధం వదినా. రోలర్ ముందు సన్నటి ఇనప కమ్మీ ఒకటి ఉంటుంది. చెయ్యి దానికి తగిలిందంటే చాలు, రోలర్ ఆగిపోవాలి. అందుకే పెట్టారు దాన్ని. కానీ దుప్పటి మడత తగిలినా ఆగిపోతోందని, పని వెనకబడుతోందని, కొన్ని నెలల క్రితం ఆ కమ్మీని కదలకుండా ఇనప తీగతో వెనక్కి బిగించేశారు. అన్ని రోలర్లకీ బిగించారు. పెద్దవాళ్ళెవరైనా చూడడానికి వస్తున్నారంటే తీగలు తీసేసి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ కట్టేవారు. మాకందరికీ తెలుసు. కానీ మాలో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పని ఊడుతుంది.

ఇప్పుడు ఏ రోలర్‌కీ తీగ లేదు. అసలెప్పుడూ లేదంటున్నారు. మేనేజర్ మొన్న మా ఇంటికి పళ్ళు పంపించాడు. మర్నాడు దారిలో సూపర్‌వైజర్‌తో అంటుంటే విన్నాను. "ఆ పిల్ల మాటకి విలువేముందయ్యా, మతి సరిగ్గా లేదని డాక్టరే చెప్తాడు." నేను గోడ పక్కనే ఉన్నాను. నేను ఉన్నానని తెలిసినా అదే మాట అనేవాడేమో.

తీగ ఎవరు కట్టారని మాత్రం అడగకండి.

మీ మరదలు


దర్జీ దుకాణం

మరదలికి.

అడగొద్దంటే అడగకుండా ఎలా ఉంటాను? మెకానిక్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడని యంత్రానికి తీగ కట్టిందెవరో నాకు తెలియదా? నన్ను ఊహించుకోమని వదిలేశావు. అదే ఎక్కువ నొప్పి.

వాడు కట్టాడే అనుకో. కట్టమన్నవాడు లేడా? పై అధికారి చెప్తే చెయ్యనని మొహం మీద చెప్పగలిగిన మగాణ్ణి నాకు ఒక్కణ్ణి చూపించు. మా అమ్మ పోయినప్పుడు వాడికి నిండా నాలుగేళ్ళు లేవు. నా ఒళ్ళో పెరిగాడు. చీమని కూడా దాటుకుని నడిచేవాడు. వాణ్ణి నువ్వు నలుగురిలో నిలబెట్టాలనుకుంటే ముందు నాకు చెప్పు.

నువ్వు ఈ వారంలోనే బయల్దేరి రా. నేను కోపంగా రాశానని మానేయకు.

వదిన


లాండ్రీ కార్ఖానా క్వార్టర్లు,
ఇంటి వెనక మెట్ల మీద

వదినగారికి.

విచారణ మళ్ళీ వాయిదా పడింది. పడిన ప్రతిసారీ మీ తమ్ముడి ముఖం కాస్త తేటపడుతుంది, నాకు మాత్రం ఇంకో రాయి ఎత్తినట్టు ఉంటుంది.

మీకు చెప్పకూడదనుకున్నాను. ఆయన్ని మీరు పెంచారు. కానీ ఉత్తరంలో సగమే చెప్తే మీరు మిగతా సగాన్ని మంచిగా ఊహించుకుంటున్నారు. అందుకని చెప్తున్నాను.

ఆయన తీగ కట్టినందుకు కాదు నా కోపం. కట్టమన్నారు, కట్టారు. ఆ రోజుల్లో నేనే అన్నం పెట్టి డబ్బా కట్టి పంపాను, మరి నేను మాత్రం ఏమన్నాను? ఒక్క మాట అనలేదు.

రేడియో చెయ్యి లోపలికి వెళ్ళినప్పుడు గదంతా కేకలు. రోలర్ ఆపే స్విచ్ మెకానిక్ బల్ల వెనకాల గోడకి ఉంటుంది. ఆయన అక్కడే ఉన్నారు. చెయ్యి చాపితే చాలు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మేనేజర్ అరిచాడు. "తీగ, తీగ" అన్నాడు. అంతే. మీ తమ్ముడు స్విచ్ వదిలేసి మా వైపు వచ్చారు. నేను ఏమనుకున్నానో తెలుసా వదినా, మమ్మల్ని లాగడానికి వస్తున్నారనుకున్నాను. అమ్మయ్య, మా ఆయన వచ్చారు అనుకున్నాను. ఆయన వంగి, జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి, కమ్మీకి ఆ చివరా ఈ చివరా తీగ కత్తిరించి, చుట్టి జేబులో వేసుకుని, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి అప్పుడు స్విచ్ నొక్కారు. అంతసేపూ రోలర్ తిరుగుతూనే ఉంది. అంతసేపూ ఓరగా ఆయన కనిపిస్తున్నా, నేను ఆమె ముఖం చూస్తూనే ఉన్నాను. ఆమె చేతికి ఏమైందో నేను చూడలేదు, ఆమె ముఖంలో మాత్రం అంతా చూశాను.

మిగతా వాళ్ళందరూ ఆమె చుట్టూ మూగారు. ఆయన ఏం చేశారో చూసేంత దగ్గరగా నేనే ఉన్నాను.

ఆయనకి తెలుసు నేను చూశానని. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో ఆయన నాతో ఎంతో మంచిగా ఉంటున్నారు. నీళ్ళు తోడి పెడతారు. మాత్ర చేతిలో పెట్టి, గ్లాసు అందించి, మింగేదాకా నిలబడతారు. ఒకటి వేసుకోమన్న మాత్ర ఇప్పుడు రెండు ఇస్తున్నారు. వేసుకుంటే మధ్యాహ్నం దాకా నాలుక మొద్దుగా ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది. ఎవరైనా వస్తే, "దానికి బాగోలేదండి, ఏదేదో మాట్లాడుతుంది" అని ముందే చెప్తున్నారు. నేనేమీ మాట్లాడకముందే.

నాకు పిచ్చని ఊరంతా నమ్మితే ఎవరికి మేలో చెప్పండి. నేను నిద్రపోకపోతే అది నా బలహీనత. నేను వణికితే అది నా నరాల జబ్బు. ఆ గదిలో ఏం జరిగిందని ఒక్కరూ అడగరు. కుక్కర్‌కి భయపడుతున్నానని మీరు రాశారు. కుక్కర్‌కి కాదు వదినా.

నేను మీ దగ్గరికి రాను. విచారణకి వెళ్తాను. కానీ అక్కడ నిలబడితే నాలుక తిరుగుతుందో లేదో తెలియదు. ఆ ముఖం గుర్తొస్తే ఆగిపోతాను. అప్పుడు వాళ్ళే గెలుస్తారు. చూడండి, మాట కూడా రావడం లేదు, మేం చెప్పలేదా అంటారు. నా భయం అదొక్కటే.

మీ మరదలు


దర్జీ దుకాణం

అమ్మాయీ,

ఇన్ని వారాలు జవాబు రాయలేదు. నీ ఉత్తరం మెషిన్ సొరుగులో పెట్టి పైన గుడ్డ ముక్కలు కప్పాను. సొరుగు లాగినప్పుడల్లా కనిపించేది. ఒక కస్టమర్ కొలతలు తప్పు రాసుకున్నాను, ఒకావిడ పెళ్ళి బట్టలు పాడుచేశాను. నీ మీద కోపంతోనే అనుకున్నాను. కాదు.

నీకు ఒక సంగతి చెప్పాలి. నేను నీకు మొదట ఉత్తరం రాసి, తింటున్నావా లేదా అని అడిగానే, అది నాకై నాకు తోచి రాయలేదు. అంతకుముందే వాడు నాకు రాశాడు. "అక్కా, విచారణ అయ్యేదాకా దాన్ని నీ దగ్గర ఉంచుకో, నువ్వు పిలిస్తే వస్తుంది, నేను పంపినట్టు ఉండకూడదు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మరదలికి బాగోలేదు, తమ్ముడికి బెంగగా ఉంది అనుకుని ఊరుకున్నాను. అడిగితే ఏదో వినాల్సి వస్తుందని లోపల్లోపల తెలుసేమో. నిన్ను ప్రేమగా పిలిచిన ప్రతి వాక్యం వెనకా వాడున్నాడు. నువ్వు నన్ను నమ్మి గుండె విప్పావు, నేను నీకు తాళం వెయ్యడానికి చూశాను.

ఇంకొకటి. నా మొదటి కాన్పులో బిడ్డ పోయిందని నీకు తెలుసు. మంత్రసాని సమయానికి రాలేదని మా అత్తగారింట్లో అందరికీ చెప్పారు. మంత్రసానిని పిలవడానికే ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాత ఏడాది దాకా నాకు చంటిపిల్లల ఏడుపు వినిపించేది, ఇంట్లో పిల్లలు లేకపోయినా. చెప్తే, "మనసు గట్టి చేసుకో, ఆడదానికి ఇది మామూలే, ఇంకొకరు పుడితే మర్చిపోతావు" అన్నారు. నీకు నేను రాసిన ఉత్తరం మళ్ళీ గుర్తు తెచ్చుకుని చూశాను. వాళ్ళ మాటలే, పొల్లు పోకుండా. నాకు వేసిన కుట్లనే నీకూ వేశాను.

మా వీధి చివర ఆసుపత్రికి వారానికోసారి మనసు జబ్బుల డాక్టరమ్మ వస్తుంది. నువ్వు రా. ఈసారి వాడి కోసం కాదు. ఆమెకు చూపించుకుని, విచారణ రోజుకి తిరిగి వెళ్ళిపో. నిన్ను ఆపనని ఒట్టు పెడతాను. నీతో వచ్చి పక్కన నిలబడతానని మాత్రం రాయలేను. వాడికి ఎదురుగా నిలబడే కాళ్ళు నాకు లేవు. అంతకంటే మంచిదాన్నని అబద్ధం చెప్పను.

వదిన


లాండ్రీ కార్ఖానా క్వార్టర్లు,
వంటింట్లోంచి

వదినగారికి నమస్కారాలు.

మీ ఇంటి నుంచి క్షేమంగా చేరాను. మీ పిల్లలకు ముద్దులు. బస్సు కదిలేటప్పుడు మీరు ఏదో అనబోయి అనలేదు. నేను కూడా అడగలేదు. పొట్లం కట్టి ఇచ్చినవి దారిలో తిన్నాను. ఆకలేసి తిన్నాను, చాలా నెలల తర్వాత.

డాక్టరమ్మ అన్న మాట దారంతా అనుకుంటూ వచ్చాను. "కాలు విరిగినవాడు కుంటితే నాటకమంటామా? నీకు దెబ్బ తగిలింది. ఇది పిచ్చి కాదు. నయం కావడానికి చాన్నాళ్ళు పడుతుంది, తొందర పడకు." ఆమె నా వైపు చూసి మాట్లాడింది వదినా. రెండు మాత్రల్ని ఆమె మాన్పించి, వేరేది అరముక్క ఇచ్చింది. నాలుక తేలికైంది.

విచారణ కార్ఖానా భోజనాల గదిలో జరిగింది. బల్లలు ఒక పక్కకి జరిపారు. అధికారి, మేనేజర్, డాక్టర్ ఒక వైపు. మేం ఆడవాళ్ళం గోడ వారగా. మీ తమ్ముడు కిటికీ దగ్గర. రేడియోని ఆమె పెద్ద కూతురు పట్టుకుని తీసుకొచ్చింది. నా పేరు పిలవగానే మేనేజర్ లేచాడు. "ఈమెకి మానసికంగా బాగోలేదండి. మా డాక్టర్‌గారే మందులిస్తున్నారు. మానవత్వంతో ఆలోచించి ఈమెను వదిలేస్తే మంచిది" అన్నాడు. డాక్టర్ తలాడించాడు. అధికారి నన్ను చూసి, "నిజమేనా అమ్మా, మందులు వాడుతున్నావా?" అన్నారు.

నాలుక తిరగలేదు. నేను భయపడినట్టే అయింది. ఎవరో వెనక నవ్వారు. ఆ నవ్వు లేకపోతే నేను మాట్లాడేదాన్ని కాదేమో.

"వాడుతున్నానండి" అన్నాను. "చూశాను కాబట్టే వాడుతున్నాను. చూడనివాళ్ళకి హాయిగా నిద్ర పడుతోంది, వాళ్ళకి మందులెందుకు? మీరు వాళ్ళనే అడుగుతానంటే అడగండి. వాళ్ళు ఏం చూశారని చెప్తారు?"

అధికారి కలం పక్కన పెట్టి, కూర్చో అన్నారు. నిలబడే చెప్తానన్నాను. కూర్చుంటే లేవలేనని. కమ్మీ గురించి చెప్పాను. తీగ గురించి చెప్పాను. మేనేజర్ అరిచిన మాట చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను. పక్కన నిలబడ్డ, నాకు పని నేర్పిన పెద్దావిడ నా వీపు మీద చెయ్యి వేసి, "కానియ్యమ్మా, ఎవరూ ఎక్కడికీ పోరు" అంది.

"తీగ కత్తిరించింది ఎవరు?" అన్నారు అధికారి.

"మా ఆయనండి."

"స్విచ్ నొక్కక ముందా, తర్వాతా?"

"ముందు తీగ. తర్వాత స్విచ్."

అధికారి మీ తమ్ముడి వైపు తిరిగి నిజమేనా అన్నారు. ఆయన కాదంటారనే అనుకున్నాను. నేల వైపు చూస్తూ, "నాకు చెప్పారండి" అన్నారు. ఎవరు చెప్పారంటే నోటితో చెప్పలేదు, చిన్నపిల్లాడిలా వేలు చూపించారు. మేనేజర్ ఏదేదో అరిచాడు. అప్పుడు గోడ వారగా ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే మొదలుపెట్టారు. మా రోలర్‌కీ ఉండేది, మా రోలర్‌కీ ఉండేది అని. నోళ్ళన్నీ ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నామో.

రేడియో తప్పేమీ లేదని అధికారి రాసుకున్నారు. పైకి చదివి వినిపించారు. మేనేజర్‌ని ఏం చేశారనుకుంటున్నారు? పని నుంచి తీసేశారనుకుంటున్నారా? ఇంకో ఊళ్ళో ఇలాంటి కార్ఖానాకే మార్చారు. అక్కడా రోలర్లుంటాయి, అక్కడా ఆడవాళ్ళే నిలబడతారు. ఆ డాక్టర్ తన కుర్చీలో తనున్నాడు. మీ తమ్ముణ్ణి మాత్రం పనిలోంచి ఆపేశారు.

రేడియో నన్ను కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను, నా పిచ్చి. బయట మెట్ల దగ్గర నన్ను చూసి ఇన్ని నెలల్లో మొదటిసారి నోరు తెరిచింది. "ఇన్నాళ్ళకా?" అంది. ఆ ఒక్క మాటే. ఆమె అడగడంలో తప్పేముంది? రోజూ వెళ్తున్నాను. ఆమె మాట్లాడదు. పొమ్మని కూడా అనదు. పక్కన కూర్చుని వస్తాను.

ఇంక ఇంటి సంగతి. మీరు అడగలేరు, అందుకని నేనే రాస్తున్నాను. ఆయన రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు. నేను వండి పెడతాను, ఎదురుగా కూర్చోను. ఆయన పడుకునే గదిలో నేను పడుకోవడం లేదు. నన్ను తిట్టలేదు, చెయ్యెత్తలేదు. నిన్న సాయంత్రం తింటూ తింటూ ముద్ద ఆపేశారు.

"ఆ రోజు నేను నడిచానా, పరిగెత్తానా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"తీగ దగ్గరికి. నాకు ఎంత తల్చుకున్నా గుర్తు రావడం లేదు. నువ్వు చూశావు కదా, చెప్పు."

నేను అబద్ధం చెప్పదల్చుకోలేదు. "పరిగెత్తారు. తీగ దగ్గరికి పరిగెత్తారు, తిరిగి స్విచ్ దగ్గరికీ పరిగెత్తారు" అన్నాను. ఆయన ఎంగిలి చేత్తోనే ముఖం కప్పుకున్నారు. ఆయన కూడా నిద్రపోవడం లేదని అప్పుడు చూశాను. కళ్ళ కింద నాకున్నట్టే ఉంది.

వదినా, నాకు జాలి వేసింది. వెయ్యకూడదు. ఆయన తీగ చుట్టి జేబులో వేసుకుంటున్నంతసేపూ ఆ ముఖాన్ని చూసినదాన్ని నేను. నాకు ఆ హక్కు లేదు. అయినా వేసింది. లేచి నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాను. అంతే చేశాను, ఇంకేమీ లేదు. రేపు ఇంకొంచెం జరుపుతానేమోనని నన్ను చూస్తే నాకే భయంగా ఉంది.

విచారణలో నేను చెప్పింది వాళ్ళు రాసుకున్నారు, కింద నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. అది ఎప్పటికీ అలాగే ఉండాలి, ఎవరు చదివినా నాకు సిగ్గు లేదు. నిన్న సాయంత్రం సంగతి మాత్రం మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. రేడియో చెవిన పడిందంటే ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగిపోతుంది, ఈసారి నా మూలంగా. చదవడం అయిపోగానే ఈ ఉత్తరం పొయ్యిలో వేసి, పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడండి.

మీ మరదలు